రీసైక్లింగ్ వల్ల నిజంగా లాభం ఉందా, లేక మనసు తృప్తి కోసం చేసే పనేనా?

సందేహాలరావు:
అందరికీ నమస్కారం. మొన్న ఆఫీసులో ఈ టాపిక్ మీద పెద్ద రచ్చ జరిగింది. ఒకాయన వాదన ఏంటంటే రీసైక్లింగ్ అంతా ఉత్త హడావుడి, చెత్త మోయడానికి లారీలు డీజిల్ తాగుతాయి, కడగడానికి నీళ్ళు పోతాయి, కరిగించడానికి కరెంటు కాలుతుంది, ఇవన్నీ లెక్క కడితే కొత్తది చేసుకోవడమే చవక అని. ఇంకొకామె ఏమో రీసైక్లింగే లేకపోతే గనులన్నీ ఖాళీ అయిపోయి భూమంతా చెత్తకుప్ప అయ్యేది అంటుంది. ఇద్దరి దగ్గరా లెక్కలు లేవు, గొంతులు మాత్రం గట్టిగా ఉన్నాయి.

నాకు రెండు విషయాలు తెలియాలి. ఆ కరెంటు, నీళ్ళు, డీజిల్ అన్నీ తీసేశాక కూడా పర్యావరణానికి ఏమైనా మిగులుతుందా? ఇంకోటి, ఇది తన కాళ్ళ మీద తను నిలబడే వ్యాపారమా లేక ప్రభుత్వాలు డబ్బులు పోస్తేనే నడిచేదా? ఈ లైన్‌లో పనిచేసేవాళ్ళు ఉంటే చెప్పండి. "భూమాతని కాపాడుకుందాం" టైపు ఫార్వర్డ్‌లు మాత్రం వద్దు ప్లీజ్, అవి ఫ్యామిలీ గ్రూపులో సరిపడా వస్తున్నాయి.

కొలిమిదగ్గర:
నేను స్క్రాప్ కరిగించి అల్యూమినియం దిమ్మలు పోసే యూనిట్‌లో పనిచేస్తా కాబట్టి నాకు తెలిసిన దానితోనే మొదలెడతా. మీ ఆఫీసాయన చేసిన తప్పు ఏంటంటే ఇనుము, ప్లాస్టిక్, గాజు, కాగితం అన్నిటినీ ఒకే గాట కట్టేయడం. ఒక్కో సరుకుది ఒక్కో లెక్క, అల్యూమినియం విషయంలో అయితే ఆయన వాదన అస్సలు నిలబడదు.

కొత్త అల్యూమినియం ఎలా వస్తుందో చూడండి. ముందు బాక్సైట్ తవ్వాలి, దాన్ని కాస్టిక్ సోడాలో ఉడికించి అల్యూమినా పొడి తీయాలి, ఆ పొడిని దాదాపు 950 డిగ్రీల వేడి మీద కరిగిన ద్రావణంలో వేసి దాంట్లోంచి కరెంటు పంపాలి. ఈ చివరి స్టెప్ 1886లో కనిపెట్టిందే, ఇప్పటికీ మూలం అదే. ఆ ఒక్క స్టెప్‌కే కిలో మెటల్‌కి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు పోతుంది, అందుకే కొత్త అల్యూమినియం ఫ్యాక్టరీలు ఎక్కడ కరెంటు చవకగా దొరికితే అక్కడ పెడతారు, గని ఎక్కడున్నా సరే. పాత డబ్బా తెచ్చి కరిగించాలంటే 660 డిగ్రీలు దాటిస్తే చాలు. మొత్తం మీద కొత్త దానికి పట్టే ఎనర్జీలో 5% దగ్గర పడుతుంది. 95% మిగులు అంటే మాటలు కాదు కదా, దీంట్లోంచి మీ లారీ డీజిల్ తీసేసినా పెద్దగా కదలదు.

ఎందుకింత తేడా అంటే ఖనిజంలో అల్యూమినియం ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, కరెంటంతా ఆ పట్టు విడిపించడానికే పోతుంది. డబ్బాలో ఆ పని ఎప్పుడో అయిపోయింది, ఎవరో ఆ బిల్లు కట్టేశారు. డబ్బాని గుంటలో పారేస్తే ఆ కట్టిన బిల్లుని పూడ్చిపెట్టినట్టే.

ఇంకో సంగతి, కరెంటు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఎర్ర బురద. బాక్సైట్‌లోంచి అల్యూమినా తీశాక మిగిలేది అదే, టన్ను అల్యూమినియంకి రెండు మూడు టన్నులు పడుతుంది, కాస్టిక్‌తో కలిసి ఉంటుంది, పెద్ద పెద్ద చెరువుల్లా కట్టలు కట్టి నిలవ ఉంచుతారు. 2010 అక్టోబర్‌లో హంగరీలో అజ్కా దగ్గర అలాంటి కట్ట తెగి ఊళ్ళ మీద పడితే పది మంది చచ్చిపోయారు. స్క్రాప్ కరిగించినప్పుడు ఈ బురద అసలు పుట్టదు. మాకూ తలనొప్పులు లేవని కాదు, పల్చటి డబ్బాలు కరిగేటప్పుడు పైన తెట్టులా డ్రాస్ కడుతుంది, కొంత మెటల్ అందులో పోతుంది, రంగులు కాలితే వచ్చే పొగకి ఫిల్టర్లు పెట్టాలి. అయినా పోలికే లేదు.

రెండో ప్రశ్నకి జవాబు ఏంటంటే మాకు ఎవరూ సబ్సిడీ ఇవ్వరు, మేమే స్క్రాప్‌కి డబ్బిచ్చి కొంటాం, అదీ పోటీ పడి. అల్యూమినియం పరిశ్రమ సంఘాల లెక్క ప్రకారం ఇప్పటిదాకా తయారైన అల్యూమినియంలో దాదాపు 75% ఇంకా వాడకంలోనే ఉంది.

అనుమానప్పక్షి:
పైన అన్న చెప్పింది అల్యూమినియంకి కరెక్టే. కానీ జనం రీసైక్లింగ్ అనగానే ఊహించుకునేది డబ్బాలు కాదు, ప్లాస్టిక్. అక్కడికొచ్చేసరికి కథ మొత్తం వేరు, ఆఫీసాయన పాయింట్ కూడా అక్కడ సగం నిజమే.

2017లో ఒక పరిశోధన వచ్చింది, అప్పటిదాకా తయారైన ప్లాస్టిక్ మొత్తం ఎక్కడికెళ్ళిందో లెక్క కట్టారు. 2015 వరకు 830 కోట్ల టన్నులు తయారైంది, అందులో 630 కోట్ల టన్నులు చెత్త అయింది. ఆ చెత్తలో రీసైకిల్ అయింది 9%, తగలబెట్టింది 12%, మిగతా 79% డంపింగ్ యార్డుల్లోనో, నేల మీదో, నీళ్ళలోనో ఉంది. ఆ 9 లో కూడా ఒకటి కన్నా ఎక్కువసార్లు రీసైకిల్ అయింది చాలా తక్కువ.

కారణం జనం బద్ధకం ఒక్కటే అనుకుంటారు, కాదు. ప్లాస్టిక్ అనేది ఒక సరుకు కాదు, పది పన్నెండు సరుకులకి కలిపి పెట్టిన పేరు. నీళ్ళ సీసా "పెట్" అనే రకం ప్లాస్టిక్, దాంట్లో కొంచెం పీవీసీ కలిసిందంటే కరిగించే వేడికి పీవీసీ కాలి ఆసిడ్ వదులుతుంది, బ్యాచ్ పసుపు రంగుకొచ్చి దెబ్బతింటుంది. చిప్స్ ప్యాకెట్ లాంటివైతే ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం పూత, దాని మీద ఇంకో పొర, విడదీయడం కుదరదు, కుదిరినా గిట్టదు. నల్ల ప్లాస్టిక్ ట్రేలు ఉంటాయి చూడండి, వాటిలో వేసే కార్బన్ వల్ల ఏరివేత మెషీన్ల ఇన్‌ఫ్రారెడ్ కన్నుకి అవి కనపడవు, తిన్నగా చెత్తలోకే. పైగా లోహంలా కాదు, ప్లాస్టిక్ కరిగించిన ప్రతిసారీ లోపలి గొలుసులు తెగి నాణ్యత పడిపోతుంది.

డబ్బు సంగతి ఇంకా దారుణం. కొత్త ప్లాస్టిక్ వచ్చేది క్రూడ్ ఆయిల్, గ్యాస్ నుంచి. క్రూడ్ రేటు పడిందంటే కొత్త ప్లాస్టిక్ చవకైపోతుంది, పాపం ఏరి కడిగి గింజలు చేసి పెట్టుకున్నవాడి సరుకు కొనేవాడు ఉండడు. వాడి చేతిలో లేని రేటు మీద వాడి వ్యాపారం నడుస్తుంది.

ఇంక ఆ త్రికోణం బాణాల గుర్తు గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్ళే తెచ్చారు, లోపల ఉన్న నంబరు అది ఏ రకం ప్లాస్టికో చెప్తుంది అంతే, రీసైకిల్ అవుతుందని దానర్థం కాదు. జనం అంతా అలాగే అనుకున్నారు, అనుకోవాలనే పెట్టారని నా అనుమానం. 2013లో ఆ ప్రమాణాన్ని మార్చి బాణాల బదులు మామూలు త్రికోణం పెట్టమన్నారు గానీ అప్పటికే పాతిక ఏళ్ళు గడిచిపోయాయి, పాత గుర్తు ఇప్పటికీ ప్రతి డబ్బా కింద ఉంది.

బేళ్ళగోడౌన్:
అన్నా నువ్వు చెప్పిన లెక్కలు నేను కాదంటలే, కానీ 9% చూసి మొత్తం ప్లాస్టిక్ వేస్ట్ అంటే ఎట్ల? ఒకటో నంబరు పెట్ సీసాలు, రెండో నంబరు షాంపూ డబ్బాలు, డ్రమ్ములు, ఇవి మంచిగ వేరు చేసి తెస్తే కొనేటోళ్ళు క్యూ కడతరు. సీసా మళ్ళ సీసా అయితది, లేకుంటే దారం అయి బట్టలల్ల పోతది. అసలు సమస్య కలిపేసుడు. తడి చెత్తల పడ్డ కాగితం ఎవనికి అక్కరకొస్తది చెప్పు? అదే కాగితం పొడిగ వస్తే బేలు, అంటే గట్టిగ ఒత్తిన పెద్ద మూట, కట్టి పంపుతం, పేపర్ మిల్లోడు పైసలిస్తడు. సరుకు అదే, ఒకటి ఆస్తి, ఇంకోటి ఖర్చు, మధ్యల తేడా ఏందంటే ఏ బుట్టల పడ్డది అన్నదే.

ఈ మాట పెద్ద దేశాలకు 2018ల తెలిసొచ్చింది. అప్పటిదాక వాళ్ళు చెత్తంత కలిపి బేళ్ళు కట్టి ఓడలెక్కించి చైనాకు తోలేది. చైనా ఆ ఏడు 24 రకాల చెత్త దిగుమతి బంద్ పెట్టింది, ఇంక కొన్ని రకాలకు 0.5% కన్నా ఎక్కువ మలినం ఉంటే తీసుకోమన్నది. అంత శుభ్రంగ ఎవడు కడతడు? శానా ఊర్లల్ల బేళ్ళు గుట్టలు గుట్టలు పడ్డయి, కొన్ని చోట్ల రీసైక్లింగ్ బండ్లే ఆపేసిండ్రు. అంటే ఇన్నేండ్లు వాళ్ళు రీసైక్లింగ్ అని లెక్క రాసుకున్నదాంట్ల ఎంత నిజంగ రీసైకిల్ అయిందో దేవునికే ఎరుక.

ఇంక పని సంగతి. ఈ థ్రెడ్ల అందరు కరెంటు, క్రూడ్ అంటున్నరు, మనుషుల గురించి ఒక్కలు మాట్లాడలే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2013ల చెప్పిన లెక్క, ప్రపంచం మొత్తం మీద చెత్త, రీసైక్లింగ్ పనిల 1.9 కోట్ల నుంచి 2.4 కోట్ల మంది ఉన్నరు, అందుల పద్ధతిగ జీతం, భద్రత ఉన్న ఉద్యోగాలు 40 లక్షలే. మిగిలినోళ్ళంత చేతులతోని ఏరి అమ్ముకునేటోళ్ళు. గుంటల పూడ్చుటానికి ఒక డోజరు, ఒక డ్రైవర్ చాలు, అదే చెత్త ఏరాలె, కడగాలె, గ్రేడ్ చెయ్యాలె, బేలు కట్టాలె అంటే ఎంతమంది చేతులు కావాలె? ఆర్థికంగ లాభం అంటే నాకైతే ముందు అదే కనవడ్తది. కాకపోతే లాభం ఎవని జేబులకు పోతుంది అనేది వేరే కథ, కింద ఏరినోనికి చిల్లర, పైన బట్టీ నడిపేటోనికి నోట్లు. 2008ల ప్రపంచమంత మాంద్యం వచ్చి తుక్కు రేట్లు పడిపోయినప్పుడు ముందు దెబ్బ తిన్నది కూడ ఏరుకునేటోళ్ళే.

సందేహాలరావు:
వామ్మో, ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. అంటే లోహాలైతే ఓకే, ప్లాస్టిక్ అయితే రకాన్ని బట్టి, వేరు చేసి ఇస్తేనే విలువ, ఇంతవరకు అర్థమైంది. ఇనుము, గాజు, కాగితం సంగతేంటి మరి? ఇంకా ఈ ఫోన్లు, లాప్‌టాప్‌ల్లో బంగారం ఉంటుందంటారు, అది నిజమా లేక యూట్యూబ్ కథా?

కొలిమిదగ్గర:
ఇనుము గురించి నేను చెప్పేస్తా. టన్ను తుక్కుతో ఉక్కు చేస్తే దాదాపు 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు మిగులుతాయని ప్రపంచ ఉక్కు సంఘం లెక్క, కార్బన్ డయాక్సైడ్ అయితే ఒకటిన్నర టన్ను తగ్గుతుంది. ప్రపంచం వదిలే కార్బన్‌లో 7, 8 శాతం ఉక్కు పరిశ్రమదే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మరి మొత్తం తుక్కుతోనే చేసుకోవచ్చు కదా అంటే, అంత తుక్కు లేదు. ఉక్కు అంతా బిల్డింగుల్లో, వంతెనల్లో ముప్పై నలభై ఏళ్ళు కూర్చుంటుంది, అవి కూలేదాకా బయటికి రాదు. ఇంకోటి, పాత కార్లు నలగ్గొట్టినప్పుడు వైర్లలో రాగి సరిగ్గా తీయకపోతే ఉక్కులో కలిసిపోతుంది, ఒకసారి కలిసిందంటే బట్టీలో విడదీయడం దాదాపు కుదరదు, వేడి మీద సాగదీసేటప్పుడు ఆ ఉక్కు పగుళ్ళిస్తుంది. గోడౌన్ తమ్ముడు చెప్పిన కలిపేసుడు సమస్య మాకూ ఉంది.

అనుమానప్పక్షి:
గాజు బాగుంటుంది గానీ జనం చెప్పుకునేంత కాదు. ఎన్నిసార్లు కరిగించినా నాణ్యత తగ్గదు, అది నిజం. కానీ ఎలాగైనా 1500 డిగ్రీల దగ్గర కరిగించాల్సిందే, కాబట్టి బట్టీలో ప్రతి 10% గాజు పెంకులకి ఎనర్జీ ఆదా 2, 3 శాతమే. సున్నపురాయి, సోడా వాడకం తగ్గుతుంది, వాటిలోంచి వచ్చే కార్బన్ కూడా తగ్గుతుంది, అది అదనం. నిజానికి సీసాని పగలగొట్టి కరిగించే బదులు కడిగి మళ్ళీ నింపితే ఎంతో మేలు, కానీ దాంట్లో ఫొటో దిగడానికి ఏమీ ఉండదు కాబట్టి ఎవరూ మాట్లాడరు.

కాగితం పీచు అయిదు నుంచి ఏడుసార్ల వరకు పనికొస్తుంది, తర్వాత మరీ పొట్టిదైపోతుంది, మధ్యలో కొత్త గుజ్జు కలుపుతూనే ఉండాలి. దీంట్లో ఒక మెలిక ఉంది. కలపతో కొత్త గుజ్జు చేసే మిల్లులు కలపలోంచి వచ్చే నల్ల ద్రవాన్నే కాల్చి కరెంటు చేసుకుంటాయి, పాత కాగితం మిల్లుకి ఆ వెసులుబాటు లేదు, బయట కరెంటు కొనాలి. ఆ కరెంటు బొగ్గుదైతే కార్బన్ లాభం అనుకున్నంత ఉండదు. చెట్టు మిగలడం, చెత్తకుప్పలో కాగితం కుళ్ళి మీథేన్ రాకపోవడం, ఇవి మాత్రం గట్టి లాభాలే. మీథేన్ 20 ఏళ్ళ లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు వేడెక్కిస్తుంది మరి.

సర్క్యూట్‌బోర్డు:
బంగారం ప్రశ్న నాది. యూట్యూబ్ కథ కాదండి, నిజమే. మంచి బంగారు గనిలో టన్ను రాయికి కొన్ని గ్రాములు వస్తే గొప్ప, టన్ను పాత ఫోన్లలో వందల గ్రాముల్లో ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్ పతకాలన్నీ జనం ఇచ్చిన పాత పరికరాల నుంచే చేశారు, దాదాపు 79,000 టన్నులు పోగయ్యాయి, అందులో 62 లక్షల మొబైల్ ఫోన్లు, వాటన్నిటి నుంచి తీసింది 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు. ఈ అంకెల్లోనే ఇంకో నీతి కూడా ఉంది, అన్ని వేల టన్నులు పోగేస్తే వచ్చింది 32 కిలోలు, ఒక్కో ఫోన్‌లో ఉండేది చాలా స్వల్పం. అందుకే ఇంట్లో కూర్చుని ఆసిడ్‌తో బంగారం తీస్తాననే వీడియోలు చూసి ఎవరూ మొదలెట్టకండి, ఆ పొగలకి ఊపిరితిత్తులు పోతాయి తప్ప ఏమీ రాదు.

2022లో ప్రపంచంలో పడేసిన ఈ-వేస్ట్ 6 కోట్ల 20 లక్షల టన్నులు అని ఐక్యరాజ్యసమితి రిపోర్టు 2024లో చెప్పింది, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3% మాత్రమే. లోపల ఉన్న లోహాల విలువ 9,100 కోట్ల డాలర్లట. అంత సొమ్ము ఉన్నా ఎందుకు రాదంటే, రాగీ బంగారం తీసుకునేవాడికి మిగతాది అక్కర్లేదు. వైరు తగలబెడితే రాగి చేతికొస్తుంది, పైన ప్లాస్టిక్ విషపు పొగ అవుతుంది, వాడికి లాభమే, చుట్టుపక్కలవాళ్ళకి నష్టం.

అందుకే "రీసైక్లింగ్ అంటే మంచిది" అని గుడ్డిగా అంటే నేను ఒప్పుకోను. సీసం బ్యాటరీలు చూడండి. ప్రపంచంలో అత్యధికంగా రీసైకిల్ అయ్యే వస్తువుల్లో అవి ఒకటి, అమెరికాలో దాదాపు 99% వెనక్కొస్తాయి, వ్యాపారంగా సూపర్ హిట్. కానీ అదే పని చాలా దేశాల్లో పెరట్లో, బట్టీలకి మూత కూడా లేకుండా చేస్తారు. పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఒకరి రక్తంలో, అంటే 80 కోట్ల మంది దాకా, సీసం ప్రమాదకర స్థాయిలో ఉందని 2020లో యునిసెఫ్ చెప్పింది, దానికి ముఖ్య కారణాల్లో ఒకటి ఇలాంటి బ్యాటరీ రీసైక్లింగే. రీసైకిల్ శాతం ఎంతో చూసి చప్పట్లు కొట్టేముందు అది ఎవరి పెరట్లో జరిగిందో కూడా అడగాలి.

బేళ్ళగోడౌన్:
సర్క్యూట్ అన్న మాటకు నా ఓటు. పెరట్ల బట్టీ పెట్టేటోడు మీ మంచి ఫ్యాక్టరీ కన్నా ఎక్కువ రేటు ఇయ్యగలుగుతడు, ఎందుకంటే ఫిల్టర్ ఖర్చు లేదు, డాక్టర్ ఖర్చు లేదు. సరుకు ఆడికే పోతది. దీనికి మందు ఒక్కటే, తయారు చేసినోడే పైసలు కట్టుడు. జర్మనీల 1991లనే ప్యాకింగ్ చేసిన కంపెనీలే దాని సేకరణ ఖర్చు భరించాలె అని చట్టం తెచ్చిండ్రు. తర్వాత 2003ల సీసాల మీద డిపాజిట్ పెట్టిండ్రు, ఖాళీ సీసా తెచ్చి మెషిన్ల వేస్తె 25 సెంట్లు వాపస్. నార్వేల గూడ గట్లనే. రెండు దేశాలల్ల సీసాలు 90% కన్నా ఎక్కువ వాపస్ వస్తున్నయి. గా అనుమానప్పక్షి అన్న చెప్పిన 9% పక్కన ఈ 90% పెట్టి చూడుండ్రి, ప్లాస్టిక్ మారలే, సీసాకు ఒక ధర కట్టిండ్రు అంతే.

అనుమానప్పక్షి:
సీసాలకి ఒప్పుకుంటా. చిప్స్ ప్యాకెట్‌కి డిపాజిట్ పెట్టినా వాపస్ వస్తుంది, వచ్చాక ఏం చేస్తావో చెప్పు తమ్మీ.

బేళ్ళగోడౌన్:
ఏం చెయ్యనన్నా, సిమెంట్ బట్టీల కాల్చుటానికి తోలుడే. దాన్ని రీసైక్లింగ్ అని నేను గూడ అనను. గసువంటి ప్యాకెట్ చెయ్యకుండా చూసుడే దారి.

సందేహాలరావు:
మీ ఇద్దరి కొట్లాట వల్లే నాకు ఎక్కువ తెలిసింది. రేపు ఆఫీసులో ఇద్దరికీ చెరో సగం మార్కులు వేస్తా. ఆఖరి ప్రశ్న, ఇంట్లో డ్రాయర్ నిండా పాత ఫోన్లు, పవర్ బ్యాంకులు ఉన్నాయి, ఒక ఫోన్ వెనక ఉబ్బింది కూడా. అన్నీ పొడి చెత్త డబ్బాలో వేసేస్తే సరిపోతుందా?

సర్క్యూట్‌బోర్డు:
అస్సలు వద్దండి. లిథియం బ్యాటరీ చెత్త బండిలో నలిగితే అక్కడికక్కడే మంట అంటుకుంటుంది, చెత్త లారీలు, ఏరివేత కేంద్రాలు ఇలా తగలబడటం చాలా దేశాల్లో మామూలైపోయింది. ఈ-వేస్ట్ తీసుకునే అధికారిక సేకరణ కేంద్రానికే ఇవ్వండి, చాలా ఫోన్ కంపెనీలు కూడా వెనక్కి తీసుకుంటాయి. ఇచ్చేముందు డేటా తుడిచేయండి, విడి బ్యాటరీలు ఉంటే కొనల మీద టేపు అంటించండి. ఆ ఉబ్బిన ఫోన్‌ని మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు, మిగతావాటితో కలపకుండా మంటకి అంటుకునేవి లేని చోట విడిగా పెట్టి, వీలైనంత తొందరగా అదే ముందు ఇచ్చేయండి, ఇచ్చేటప్పుడు ఉబ్బిందని వాళ్ళకి చెప్పండి.